తలలో చువ్వ దిగిన తమ్ముడికి బోన్ మ్యారో కణాలు ఎక్కిస్తామంటున్నారు, నాలుగున్నర లక్షలు కట్టమంటున్నారు, ఏం చేయమంటారు?

రైతుబిడ్డ_పత్తికొండ:

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు, కాస్త ఓపిక పట్టి చదవండి. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. ఆదోనిలో ఇల్లు కట్టే పనికి పోయి, పరంజా మీద కాలు జారి, కింద పిల్లర్ కోసం నిలబెట్టిన చువ్వల మీద పడ్డాడు. ఒక చువ్వ ఎడమ కన్ను పైన దిగి తలలోకి పోయింది. అక్కడున్న మేస్త్రీ ఎవరినీ చువ్వ ముట్టనియ్యలేదు, కటింగ్ మిషన్ తెప్పించి బయట ఉన్నంత మేర కోయించి, లోపలిది అట్లాగే ఉంచి కర్నూలు పెద్దాసుపత్రికి పంపించినాడు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మెదడు వాపు తగ్గాలని ఎడమ పక్క పుర్రె ముక్క తీశారు, అది ఇంకా పెట్టలేదు. ఆ పక్క తల మెత్తగా గుంట పడి ఉంటుంది, పడుకుంటే పొంగుతుంది, కూర్చుంటే లోపలికి పోతుంది.

ఇప్పుడు ఐదో నెల. కుడి చెయ్యి లేవదు, కుడి కాలు ఈడ్చుకుంటూ గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మనం చెప్పేది అర్థమవుతుంది కానీ మాట మాత్రం అమ్మ, నీళ్ళు, లేదు, ఇంతే. రెండో నెలలో ఒకసారి ఫిట్స్ వచ్చింది. మాత్ర వేస్తే మబ్బుగా పడుంటాడని మా అమ్మ ఇప్పుడు సగం మాత్రే ఇస్తోంది.

విషయం ఏందంటే, ఒక సిటీలో ప్రైవేటు సెంటర్ వాళ్ళు ఫోన్ చేశారు, మా నంబరు వాళ్ళకి ఎట్లా పోయిందో తెలీదు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, దాంట్లో స్టెమ్ సెల్స్ వేరు చేసి, నడుములో ఇంజెక్షన్ ద్వారా ఇస్తారంట, అవి మెదడుకు పోయి కొత్త నరాలు అవుతాయంట. మూడు సిట్టింగులు, నాలుగున్నర లక్షలు. ఇది క్లినికల్ ట్రయల్, గవర్నమెంటు పర్మిషన్ ఉంది, సీట్లు తక్కువ, ఈ నెలాఖరులోపు అడ్వాన్సు కట్టండి అంటున్నారు. మా నాయన రెండెకరాలు బేరం పెట్టడానికి రెడీగా ఉన్నాడు. ఇంట్లో అందరికీ దీని మీద నమ్మకం ఎందుకంటే మా చిన్నాయన కూతురికి అప్లాస్టిక్ అనీమియా వస్తే వెల్లూరులో వాళ్ళన్న మూలుగే ఎక్కించారు, ఆ పిల్ల ఇప్పుడు శుభ్రంగా డిగ్రీ చదువుకుంటోంది. రక్తమే పుట్టని పిల్లని బతికించిన మూలుగ వీడి చెయ్యి లేపదా అని మా జేజి అడుగుతుంటే నాకు సమాధానం తెలీడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆత్మకూరు_శివ:

చేయించు బ్రదర్. మా మామకి పక్షవాతం వచ్చాక మూడో నెలలో ఇదే చేయించాం, అప్పటిదాకా వేలు కదలని మనిషి ఆర్నెల్లకి గ్లాసు పట్టుకున్నాడు. డబ్బులు మళ్ళీ సంపాదించుకోవచ్చు. పొలం ముఖ్యమా తమ్ముడు ముఖ్యమా.

సిస్టర్_కర్నూలు:

రైతుబిడ్డా, న్యూరో వార్డులో చాలా ఏళ్ళుగా డ్యూటీ చేస్తున్నదాన్ని, అక్క చెప్పినట్టు అనుకుని విను. అన్నింటికంటే ముందు ఆ సగం మాత్ర విషయం. ఈరోజు రాత్రి నుంచే పూర్తి డోసు వేయించు. తలలోకి వస్తువు దిగిన గాయాలకి ఫిట్స్ ముప్పు మామూలు దెబ్బల కంటే చాలా ఎక్కువ. వియత్నాం యుద్ధంలో తలకి తూటాలు, బాంబు ముక్కలు తగిలిన అమెరికా సైనికులను ఏళ్ళ తరబడి గమనించి 1985లో ఒక అధ్యయనం వేశారు, 15 ఏళ్ళలో సగం మందికి పైగా, 53 శాతం మందికి ఫిట్స్ జబ్బు వచ్చింది. మీవాడికి ఒకసారి వచ్చేసింది కూడా. మబ్బుగా ఉంటే డాక్టరుకు చెప్పండి, మందు మారుస్తారు, లేదా డోసు సర్దుతారు. అమ్మ ఇంట్లో తనకు తానే తగ్గిస్తే, పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయి ఆ మెత్తటి పక్కే నేలకు తగిలితే ఏంటి పరిస్థితి? అక్కడ కాపాడే ఎముక లేదు కదా నాయనా.

ఆ మేస్త్రీకి నా తరఫున దండం పెట్టు. చువ్వ పీకి ఉంటే అది అదిమిపట్టిన రక్తనాళం తెగి దారిలోనే అయిపోయేవాడు. కత్తి కానీ, మేకు కానీ, గొడ్డలి కానీ, తలలో దిగిందాన్ని ఆపరేషన్ టేబుల్ మీద తప్ప ఎక్కడా తీయకూడదు. ఈ సంగతి తెలియక పీకేసి తెచ్చిన కేసులు నేను చూశాను, ఇంక చెప్పను.

ఇక నడుములో సూది అన్నావే, అది చదవగానే నా గుండె ఝల్లుమంది. పుర్రె ముక్క లేకుండా తల గుంటపడి ఉన్న మనిషికి నడుములో సూది పెడితే మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీరు కారి ఒత్తిడి తేడా వస్తుంది, బయటి గాలి ఒత్తిడికి మెదడు కిందికి జారే ప్రమాదం ఉంది. న్యూరోసర్జన్లు అలాంటి వాళ్ళకి నడుములోంచి నీరు తీసే పరీక్ష చేయాలన్నా వెనకాముందు ఆలోచిస్తారు. ఫోన్ చేసిన వాళ్ళు మీ తమ్ముడి స్కాన్ అడిగారా? పుర్రె ముక్క సంగతి అడిగారా? అడ్వాన్సు సంగతి ఒక్కటే అడిగుంటే నీకే అర్థమవ్వాలి.

ముందు మళ్ళీ న్యూరోసర్జరీ ఓపీకి తీసుకుపో, ఎముక ఎప్పుడు పెడతారో అడుగు. చువ్వతో మట్టి, తుప్పు లోపలికి పోయిన గాయం కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుని గానీ పెట్టరు, ఆ ఆలస్యం మంచికే. ఎముక పెట్టాక కొందరిలో నడక, చురుకుదనం కూడా కొంత మెరుగవుతాయి. ఈలోగా జ్వరం, మెడ బిగుసుకోవడం, ముక్కులోంచి నీళ్ళలాగా కారడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే బయల్దేరండి.

మాట గురించి ఒకటి. పాటలు పాడించండి. ఎడమ పక్క దెబ్బ తగిలి మాట పోయినవాళ్ళలో చాలామందికి నోటికొచ్చిన పాట, అంకెలు, వారాల పేర్లు మామూలు మాటకంటే ముందు వస్తాయి. మా వార్డులో ఒకాయన పేరు అడిగితే చెప్పలేక ఏడ్చేవాడు, భార్య ఉరుకుంద ఈరన్న భజన అందుకుంటే రెండో లైను తనే పాడేవాడు. అక్కడ మొదలుపెట్టి మాటలోకి లాగాలి, స్పీచ్ థెరపీ వాళ్ళు అదెట్లాగో నేర్పిస్తారు.

అనంత_హెమటాలజీ:

మాది అనంతపురం, ప్రస్తుతం వేరే రాష్ట్రంలో హెమటాలజీ (రక్తం జబ్బుల వైద్యం) చదువుతున్నాను. సిస్టర్ గారు చెప్పినదంతా కరెక్టు, ముఖ్యంగా నడుము సూది సంగతి. నేను జేజి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇదే ప్రశ్న.

మీ చిన్నాయన కూతురి మూలుగలో రక్తం తయారుచేసే కణాలు అడుగంటిపోయాయి. ఆ జబ్బులో ఎక్కువసార్లు మన రోగనిరోధక కణాలే ఆ మూలకణాల మీద పడి చంపేస్తాయి, సూక్ష్మదర్శినిలో చూస్తే మూలుగ ఉండాల్సిన చోట కొవ్వు కనిపిస్తుంది. వాళ్ళన్న మూలుగ కలిసింది కాబట్టి (ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి) ఆ కణాలు రక్తంలోకి ఎక్కిస్తే దారి వెతుక్కుని ఎముకల్లోకి చేరి అక్కడ మళ్ళీ రక్తం పుట్టించాయి. అంటే అవి పుట్టినప్పటి నుంచి చేసే పనే చేశాయి. మెదడులో తెగిన తీగలను కలపడం వాటి పని కాదు. నడుములో పోస్తే అక్కడికి పోయి కుడి చేతికి సంబంధించిన నరంగా మారి, వెన్నులోకి సరైన దారి పట్టుకుని పెరుగుతాయని ఇప్పటివరకు ఎవరూ మనుషుల్లో రుజువు చేయలేదు.

అయితే దీని మీద పరిశోధన లేదని కాదు, నిజమైన పరిశోధన ఉంది. అమెరికాలో హ్యూస్టన్‌లో తలకి తీవ్రంగా దెబ్బ తగిలిన పదిమంది పిల్లలకి 48 గంటల లోపల వాళ్ళ మూలుగ కణాలే రక్తనాళం ద్వారా ఎక్కించారు, 2011లో ఆ ఫలితాలు వేశారు. ప్రమాదం లేకుండా చేయొచ్చా అని చూడటమే దాని ఉద్దేశం. గమనించండి, 48 గంటలు. ఐదో నెల కాదు. ఇంకొకటి స్టెమ్‌ట్రా అనే ట్రయల్, 2021లో వచ్చింది. మూలుగ నుంచి తీసి ల్యాబులో మార్చిన కణాలను సర్జరీ చేసి మెదడులోనే దెబ్బ చుట్టూ పెట్టారు. పోల్చడానికి కొందరికి పుర్రెకి చిన్న గాటు మాత్రం పెట్టి కణాలు ఇవ్వలేదు, ఎవరికి ఏది చేశారో రోగికి తెలియదు. ఆరు నెలలకి కణాలు పెట్టినవాళ్ళు కదలికల స్కోరులో సగటున 8 పాయింట్లు మెరుగైతే, గాటు మాత్రమే పడ్డవాళ్ళు కూడా 2 పాయింట్లు మెరుగయ్యారు. ఏడాదికి ఆ తేడా నమ్మదగ్గ స్థాయిలో నిలవలేదు. జపాన్ 2024లో ఆ కణాలకు షరతులు పెట్టి, గడువు పెట్టి ఆమోదం ఇచ్చింది. మీకు ఫోన్ చేసినవాళ్ళు చేసేది ఇది కాదు, దీని పేరు చెప్పుకుని అమ్ముతున్న వేరే సరుకు.

శివ గారూ, మీ మామగారికి బాగైనందుకు నిజంగా సంతోషం. కానీ పక్షవాతం అయినా తల దెబ్బ అయినా మొదటి ఆరు నెలల్లో మెదడు తనంతట తాను ఎక్కువగా కోలుకుంటుంది. గ్లాసు పట్టుకోవడం ఇంజెక్షన్ వల్లా, ఫిజియోథెరపీ వల్లా, కాలం వల్లా అన్నది ఒక మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే సగం మందికి ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా పోలుస్తారు.

పోల్చకపోతే ఏమవుతుందో చెప్తాను. తలకి దెబ్బ తగిలితే వాపు తగ్గుతుందని 30 ఏళ్ళకు పైగా ప్రపంచమంతా స్టెరాయిడ్ ఇచ్చారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లే ఇచ్చారు, మంచి మనసుతోనే ఇచ్చారు. చివరికి క్రాష్ అనే ట్రయల్‌లో 10,008 మందిని పెట్టి చూస్తే, రెండు వారాల్లో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళలో 21.1 శాతం, ఇవ్వనివాళ్ళలో 17.9 శాతం చనిపోయారు. 2004లో అది బయటపడ్డాక తల దెబ్బలకి స్టెరాయిడ్ మానేశారు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మందు కథ కూడా అంతే, తల దెబ్బలకి ఇస్తే చిన్న ట్రయల్‌లో ఆశ పుట్టించింది, 2014లో రెండు పెద్ద ట్రయల్స్‌లో ఏ లాభమూ లేదని తేలింది.

మా రక్తం జబ్బుల వైద్యంలో కూడా ఇలాంటిది ఉంది. అప్లాస్టిక్ అనీమియాకి మూలుగ కలిసే దాత దొరకనివాళ్ళకి ఇచ్చే, రోగనిరోధక కణాలను అణిచే ఏటీజీ అనే మందు గుర్రం నుంచి తీసింది ఒకటి, కుందేలు నుంచి తీసింది ఒకటి. కుందేలుది గట్టిది, అదే బాగా పనిచేస్తుందని అందరూ అనుకున్నారు. 120 మందిని రెండు భాగాలు చేసి ఇచ్చి 2011లో చూస్తే, ఆరు నెలలకి గుర్రం మందుతో 68 శాతం మందిలో స్పందన, కుందేలు మందుతో 37 శాతం మందిలోనే. ఆ ట్రయల్‌లో చేరిన 120 మంది వల్ల ఇవాళ మేం ఏది ముందు రాయాలో తెలిసి రాస్తున్నాం. ట్రయల్ అంటే నాకు అంత గౌరవం, అందుకే ఆ మాట వాడుకుని రైతు పొలం అమ్మిస్తుంటే కడుపు మండుతుంది.

రూల్ సంగతి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తం, మూలుగ జబ్బులకు చేసే ట్రాన్స్‌ప్లాంట్ తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ఇంకా పరిశోధనే, ఆమోదం పొందిన ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదు. పరిశోధన కోసం చేసేదానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి వాళ్ళని ఒక్కటే అడగండి, సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు చెప్పమనండి. దేశంలో ఏ ట్రయల్ అయినా 2009 జూన్ నుంచి ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. నంబరులో సీటీఆర్ఐ అని ఉండి, తర్వాత సంవత్సరం, నెల, ఆపైన అంకెలు ఉంటాయి. సైట్ అందరికీ ఉచితం, ఏ జబ్బు, ఎంతమంది, ఏ ఆసుపత్రి, ఏ ఎథిక్స్ కమిటీ (రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ) ఒప్పుకుంది, అన్నీ కనిపిస్తాయి.

రైతుబిడ్డ_పత్తికొండ:

అక్కా, డాక్టర్ గారూ, రెండుసార్లు చదివాను, మా నాయనకి కూడా చదివి వినిపించాను. మాత్ర పూర్తిగా వేశాం. సీటీఆర్ఐ నంబరు ఎల్లుండి ఫోన్ చేసి అడుగుతా. కానీ ఇంకో డౌటు. మా ఊర్లో ట్రయల్ అంటేనే మనుషుల మీద ప్రయోగం అంటారు. ఖమ్మంలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలేసిన గొడవ మావాళ్ళకి ఇంకా గుర్తుంది. నిజమైన ట్రయల్ అయితే చేరొచ్చా? దాంట్లో ఎట్లా ఉంటుంది?

ప్రొద్దుటూరు_నాన్న:

ఇది నేను చెప్తా తమ్ముడూ, మా పాప అప్లాస్టిక్ అనీమియాకి ఒక మందు ట్రయల్‌లో ఉండింది. పాప ఒళ్ళంతా కమిలిన మచ్చలు, పళ్ళు తోమితే చిగుళ్ళలోంచి రక్తం ఆగేది కాదు, ప్లేట్‌లెట్ల కోసం కడపలో, తిరుపతిలో డోనర్ల వెంట తిరిగినాము. వాళ్ళన్నది మ్యాచ్ కాలేదు. అప్పుడు డాక్టరమ్మ ట్రయల్ గురించి చెప్పింది.

మొదటి రోజు సంతకం పెట్టించుకోలేదు. పదిహేను పేజీల కాగితాలు, మంచి తెలుగులో, ఇంటికి తీసుకుపోయి చదువుకుని రమ్మన్నారు. మా బావ టీచరు, ఆయన ఒక్కో లైనూ చదివి పక్కన పెన్సిల్‌తో ప్రశ్నలు రాశాడు. మందు ఏ గ్రూపులో పడితే వస్తుంది, ఏ గ్రూపులో పడితే మామూలు చికిత్సే వస్తుంది, లివరు మీద ఏం ప్రభావం ఉండొచ్చు, మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు, మానేసినా మామూలు చికిత్స ఆపరు, ట్రయల్ వల్ల ఏదన్నా హాని జరిగితే ఖర్చు వాళ్ళదే, పరిహారం కూడా ఉంటుంది, అన్నీ దాంట్లో ఉన్నాయి. డాక్టర్ల మీద ఫిర్యాదు చేయాలంటే ఎథిక్స్ కమిటీ వాళ్ళ ఫోన్ నంబరు కూడా చివరి పేజీలో ఉంది. పాపకి కూడా తన వయసుకి తగ్గట్టు విడిగా చెప్పి, నీకు ఇష్టమేనా అని అడిగారు. తొమ్మిదేళ్ళ పిల్లని అట్లా కూర్చోబెట్టి అడగడం చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

డబ్బు మాటే లేదు. మందు ఫ్రీ, ట్రయల్ కోసం చేసే టెస్టులు ఫ్రీ, బస్సు టికెట్లు చూపిస్తే ఛార్జీలు ఇచ్చారు. తొందర పెట్టలేదు, సీట్లు అయిపోతాయి అనలేదు, నయమవుతుందని మాట కూడా ఇవ్వలేదు. ఇది పనిచేస్తుందో లేదో మాకు తెలీదు, తెలుసుకోవడానికే చేస్తున్నాం అని ఆ డాక్టరమ్మ నేరుగా మొహం మీదే చెప్పింది, అందుకే నాకు నమ్మకం కలిగింది. పాప కౌంట్లు ఇప్పుడు పర్వాలేదు, ఇంకా మందుల మీదే ఉంది.

ఖమ్మం గొడవలో పెద్ద తప్పే తల్లిదండ్రులకి సరిగ్గా చెప్పి ఒప్పుకోలు తీసుకోకపోవడం. హాస్టల్ పిల్లలకి వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2019లో వచ్చిన కొత్త ట్రయల్ రూల్స్‌లో ఒప్పుకోలు గురించి, పరిహారం గురించి స్పష్టంగా ఉంది. ఆ రూల్స్ పాటించే చోట భయపడక్కర్లేదు, పాటించని చోట గడప తొక్కొద్దు.

ఆత్మకూరు_శివ:

డాక్టర్ గారు చెప్పింది చదివాక ఆలోచనలో పడ్డాను. మామకి ఆ మూడు నెలలూ రోజూ పొద్దున సాయంత్రం మా అత్త దగ్గరుండి వ్యాయామం చేయించేది, అది నేను రాయలేదు. రైతుబిడ్డా, ఫిజియోథెరపీ మాత్రం ఒక్కరోజు కూడా ఆపకు.

రైతుబిడ్డ_పత్తికొండ:

ఫోన్ చేశాను. సీటీఆర్ఐ నంబరు అడిగితే ప్రాసెస్‌లో ఉంది అన్నాడు. ప్రాసెస్‌లో ఉంటే డబ్బులు ఎందుకు తీసుకుంటున్నారు, రిజిస్టర్ అయ్యాక పిలవండి అన్నాను. మీ తమ్ముడి మీద మీకే ప్రేమ లేకపోతే మేమేం చేస్తాం అన్నాడు. ఆ మాటకి మా నాయన ఫోన్ లాక్కుని పెట్టేశాడు. పొలం బేరం ఆపించాం. సోమవారం పెద్దాసుపత్రి ఓపీకి పోతున్నాం, స్కాన్లన్నీ వరసగా సర్ది పెట్టుకున్నాను.

జేజికి మాత్రం ఇంకా బాధగానే ఉంది. మూలుగ మూలుగకే పనిచేస్తుంది జేజీ, తలకి ఇంకా కనిపెట్టలేదు, వెతుకుతున్నారు అని చెప్పాను. తొందరగా వెతకమను అనింది.

అక్కా, సదరం (వికలాంగుల) సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోవచ్చా, ఎముక పెట్టేదాకా ఆగాలా?

సిస్టర్_కర్నూలు:

స్లాట్ ఇప్పుడే బుక్ చేసుకో, సచివాలయంలో అడిగితే చేస్తారు. చెయ్యి, కాలు, మాట మూడూ చూపించు, మాట సంగతి చాలామంది చెప్పడం మర్చిపోతారు. ఇంకా మార్పు వచ్చే దశ కాబట్టి తాత్కాలికంగా ఇవ్వొచ్చు, దాని గురించి దిగులు పడకు. పింఛను మంజూరైతే ఇప్పుడు నెలకు ఆరు వేలు ఇస్తున్నారు, ఫిజియోథెరపీకి వచ్చిపోయే ఆటో ఖర్చులకన్నా పనికొస్తుంది. సోమవారం వచ్చేటప్పుడు మాత్రల చీటీ కూడా తెచ్చుకో, మబ్బు సంగతి అమ్మనే డాక్టరుతో చెప్పమను, రోజంతా పక్కన ఉండేది ఆమే కదా.